వంతు తప్పిన గొంతులు

ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడొకడు పనిచేయుచుండెను. ఉద్యోగ విరమణకు ఆయనకు ఇంకను కొన్ని నెలలే మిగిలియుండెను. కంప్యూటరు విద్య ఆయన చదువుకొన్న నాటిది కాదు. అయినను ప్రతి సాయంకాలము పిల్లలు కంప్యూటరు గదిలో పనిచేయుచుండగా, ఆయన ఒక మూల కుర్చీ వేసికొని కూర్చుండి, వారు తయారుచేయు పాఠములలోని అక్షరదోషములను దిద్దుచుండెను.

ఆ గదికి వచ్చు పిల్లలలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె కలదు. ఆ యూరి ప్రాథమిక పాఠశాలలోని ఒకటవ తరగతి పిల్లల కొరకు ఆమె ‘మన సంత’ అను పాఠమును సిద్ధము చేయుచుండెను. అది కాగితముపై చదువు పాఠము కాదు. టాబ్లెట్ తెరపై తాకి వినెడి పాఠము. ‘మొదలు’ అను బొత్తామును తాకగానే సంత బొమ్మ కనబడును. సంతను గూర్చిన పరిచయవాక్యములు 20 సెకండ్లపాటు వినబడును. బొమ్మలో కుండ, చేట, గంప, తక్కెడ, విసనకర్ర మున్నగు వస్తువులుండును. వానిలో దేనిని తాకిన దాని పేరును, తరువాత దానిని గూర్చిన రెండు వాక్యములును వినబడును. ఆ మాటలన్నియు బాలిక తన గొంతుతోనే చదివి ముద్రించెను.

ఈ పాఠము నామె యెవరి కొరకు తలపెట్టెనో పండితునకు తెలియును. ఆమె తమ్ముడు ఒకటవ తరగతిలో నుండెను. పుట్టుకతోనే వానికి చూపు మందము. పెద్ద బొమ్మ యెక్కడ నున్నదో రంగును బట్టి గుర్తింపగలడు గాని, దాని క్రింద వ్రాసిన అక్షరములు వానికి కనబడవు. తరగతిలో తక్కినవారు పుస్తకము చూచి చదువుచుండగా, వాడు ప్రక్కవాని నోటివెంట విని అప్పగించుచుండెను. కన్నులు చేయలేని పనిని చెవులచేత చేయింపవలెనని అక్క సంకల్పము.

ఒక శనివారము సాయంకాలము ఆమె తమ్ముని వెంటబెట్టుకొని వచ్చి, టాబ్లెట్‌ను వాని చేతి కిచ్చెను. వాడు ఉత్సాహముతో ‘మొదలు’ బొత్తామును తాకెను. పరిచయవాక్యములు మొదలయ్యెను. అంతలో వానికి ఎఱ్ఱని కుండ కనబడినది. దానిని తాకెను. కుండ పేరు వినబడెను గాని, పరిచయవాక్యములు ఆగలేదు. వాడు తికమకపడి చేటను తాకెను. ఇప్పుడు మూడు మాటలు ఒకదానిపై నొకటి పడి, ఏదియు తెలియకుండ పోయెను.

“నిదానము! ఒకటి పూర్తిగా వినిన పిమ్మటనే మరియొకటి తాకవలెను. అంత తొందర యేల?” అని పండితుడు గద్దించెను.

బాలుడు చటుక్కున చేయి వెనుకకు తీసికొనెను. రెండు చేతులును ఒడిలో దాచుకొని, “నాకు రాదు” అనెను. అక్క యెంత బుజ్జగించినను వాడు మరల తెరను తాకలేదు.

ఆ రాత్రి పండితునకు నిద్ర పట్టలేదు. ‘నాకు రాదు’ అను మాట ఆయన చెవులలో మారుమ్రోగుచుండెను. ముప్పది యేండ్లకు పైగా బోధించినవానికి ఆ మాట బరువు తెలియును. లెక్క తప్పిన బాలుడు దానిని మరల చేయును; లెక్కలు తనకు రావని నమ్మిన బాలుడు పలకనే ముట్టడు. ఆ పసివాడు చేసిన తప్పేమి? తాకి వినుమని చెప్పిన పాఠమును తాకెను. పలుకవలసినది పాఠము. అది పలికిన తీరులో లోపమున్నదేమో విచారింపక, చూడగలిగిన తాను, చూడలేని పసివానిని గద్దించెను.

రెండు మాటలు ఒక్కసారి వినబడినచో వానిని గ్రహించుట పెద్దలకైనను కష్టమే. కోలిన్ చెర్రీ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించి 1953లో తన ఫలితములను ప్రకటించెను. ఒకే మనుష్యుడు చదివిన రెండు సందేశములను కలిపి వినిపించినపుడు, వినువారు వానిని మరల మరల విని, మిక్కిలి ప్రయాసపడి గాని విడదీయలేకపోయిరి. ఒక్కొక్క చెవికి ఒక్కొక్క సందేశమును పంపినపుడు ఒకదానిని చక్కగా అనుసరించిరి. కాని రెండవ చెవిలో చెప్పిన విషయ మేమో ఇంచుమించు చెప్పలేకపోయిరి. నిజమైన సంతలో ఇందరి నడుమను మనము ఎదుటివాని మాట వినగలుగుచున్నామన్నచో, అందులకు గొంతుల భేదమును, అవి వచ్చు దిక్కుల భేదమును తోడ్పడుచున్నవి. ‘మన సంత’ పాఠములో ఆ తోడ్పాటు లేదు. గొంతు లన్నియు ఒకే బాలికవి. అన్నియు ఒకే స్పీకరు నుండి వచ్చుచున్నవి.

సోమవారము సాయంకాలము పండితుడు బాలికను పిలిచి, “అమ్మాయీ! నీ తమ్ముడు తప్పు చేయలేదు. తప్పెక్కడ నున్నదో మనము వెదకుదము” అనెను.

“స్పీకరు చెడిపోయినదేమో, మాస్టారూ!” అని బాలిక సందేహించెను. చెవులకు తగిలించుకొను ఇయర్‌ఫోన్లతో విని చూచిరి. మాటలు అట్లే కలిసిపోవుచుండెను. ముద్రించునపుడే కలిసినవేమో యని ఒక్కొక్క ధ్వనిముద్రికను విడిగా వినిరి. ప్రతిదియు స్వచ్ఛముగా నుండెను. కావున దోషము స్పీకరులోను లేదు, ముద్రికలలోను లేదు.

పండితుడు ఒక నోటుపుస్తకము తెప్పించి, ఏది తాకిరో, ఎప్పుడు తాకిరో, ఏమి వినబడెనో వరుసగా వ్రాయించెను. కుండను తాకి, మాటలు ముగియువరకు ఆగి, పిమ్మట చేటను తాకిరి, ఏమియు కలియలేదు. కుండ మాటలు ముగియకముందే చేటను తాకిరి, రెండును కలిసెను. కుండనే వెంటవెంటనే మూడుమారులు తాకిరి; ఒకే వాక్యము మూడుగా చీలి, కొండలలోని ప్రతిధ్వనివలె వినబడెను. ఈ మూడవ పరీక్ష చూచి బాలిక, “ఉన్నది ఒక్క కుండయే గదా! దానికి మూడు గొంతు లెక్కడివి?” అని తనలో ననుకొని, తాను వ్రాసిన ప్రోగ్రామును తెరచి చదువసాగెను.

వెబ్ పుటలో ధ్వనిని వినిపించుటకు ‘ఆడియో’ అను అంగము కలదు. 2014లో ప్రమాణముగా వెలువడిన హెచ్‌టీఎంఎల్ 5లో అది చేరియున్నది. ‘ప్లే’ అని ఆజ్ఞాపించిన అది పలుకును. ‘పాజ్’ అని ఆజ్ఞాపించిన ఆగును. ఒక పుటలో ఆడియోలు పెక్కు ఉండవచ్చును. అన్నింటికిని ప్లే అని చెప్పినచో అన్నియు ఒక్కసారే పలుకును. రెండవది మొదలైనది గదా యని మొదటిది తనంతట తాను ఊరకుండదు. బ్రౌజరు దీనిని తప్పుగా నెంచదు. మాట వెనుక సంగీతము వినిపింపగోరువారును ఉందురు గదా! ఏది ఆగవలెనో, ఏది పలుకవలెనో చెప్పవలసిన బాధ్యత పాఠమును వ్రాసినవారిదే.

బాలిక వ్రాసిన ప్రోగ్రాము, చిత్రమును తాకినప్పుడెల్ల ఒక కొత్త ఆడియోను పుట్టించి దానిని పలికించుచుండెను. పాత ఆడియో యేదియో గుర్తు పెట్టుకొనుట లేదు. గదిలోనికి ఒక చదువరిని పిలిచి, అతడు చదువుచుండగనే రెండవవానిని, మూడవవానిని పిలిచినట్లుండెను. మొదటివానిని ఊరకుండుమని చెప్పుటకు అతని పేరైనను తెలియదు!

కారణము తెలిసిన పిమ్మట ఆమె ప్రతి ముద్రికకును ఒక్కొక్క ఆడియోనే ఏర్పరచి, వాని పేర్లను ఒక పట్టికలో చేర్చెను. ఏ వస్తువును తాకినను మొదట పట్టికలోని వానినన్నింటిని ఆపి, తరువాత కోరినదానిని పలికింపవలెనని వ్రాసెను. మాటలు కలియుట మానెను. అయితే ఒక వింత జరిగెను. నడుమ ఆపిన కుండను మరల తాకగా, అది మొదటినుండి పలుకక, ఆగినచోటి నుండి పలికెను. పాజ్ అను ఆజ్ఞ పుస్తకమును మూయించునది కాదు. చదువుచున్న పంక్తిపై వ్రేలుంచి ఆగుమనునది. కావున ఆపినప్పుడే ముద్రికను మరల సున్నవ సెకండునకు త్రిప్పవలెనని ఆమె చేర్చెను. ఆ దోషమును తొలగెను.

“ఇక తమ్ముని పిలువవచ్చును” అని బాలిక సంతోషించెను. వానికి మరింత స్పష్టముగా వినబడవలెనని ఆ రాత్రి వస్తువుల పేర్లను నిదానముగా, ఒక్కొక్క అక్షరము తెలియునట్లు మరల చదివి ముద్రించెను. తెల్లవారి కుండను తాకి చూచెను. మరేమియు తాకలేదు. అయినను రెండు గొంతులు కలిసి వినబడెను! ఆమెకు దుఃఖము వచ్చెను. ప్రేమతో చేసిన పనియే పాఠమును మరల చెఱచినది.

ఆ సాయంకాలము పండితుడు వారి యింటికి వెళ్ళెను. అరుగుపై నులకమంచములో బాలిక తాత కూర్చుండియుండెను. ఆయన వయసులో నున్నపుడు బుర్రకథ దళములో వంతగా నుండెను. బుర్రకథలో కథకుడు నడుమ నిలిచి, తంబురా పట్టి కథ చెప్పును. ఇరుప్రక్కల నిద్దరు వంతలు గుమ్మెటలు వాయించుచు వంత పలుకుదురు. పండితుడును బాలికయు పాఠమును పలుమారులు వినుచుండగా తాతయు వినెను.

“పంతులుగారూ! ఆ పలక సంగతి నాకు తెలియదు. కాని అందులో పలుకువారికి వంత పట్టుట రాదు. ఒకరి మాట ముగియకముందే రెండవవారు అందుకొనుచున్నారు” అని తాత నవ్వెను.

“మీరు ఎప్పుడందుకొనవలెనో యెట్లు తెలిసికొనెడివారు, పెద్దయ్యా? లెక్క పెట్టుకొనెడివారా?” అని పండితు డడిగెను.

“లెక్క యెందుకు బాబూ? కథకుడు ఒకనాడు సాగదీసి పాడును. ఒకనాడు త్వరగా ముగించును. మేము లెక్కపెట్టుచు కూర్చున్నచో సభ నవ్విపోదా? మా చెవి ఆయన నోటిమీదనే యుండెడిది. ఆయన ముగించిన క్షణమున మేము అందుకొనెడివారము. దగ్గు వచ్చి ఆయన నడుమ ఆగినచో మేమును ఆగెడివారము.”

బాలిక ఒక్క పెట్టున లేచి, “మాస్టారూ! నేను లెక్కపెట్టితిని! తప్పక్కడనే యున్నది!” అనెను.

ఆమె చేసిన దేమనగా: వస్తువు పేరు చదువుటకు మొదట 2 సెకండ్లు పట్టెను. కావున పేరు మొదలైన 3 సెకండ్లకు వాక్యములు మొదలుకావలెనని ప్రోగ్రాములో టైమరు నుంచెను. పేరును నిదానముగా చదివినపుడు దానికి 5 సెకండ్లు పట్టెను. టైమరునకు ఆ సంగతి యేమి తెలియును? తనకు చెప్పినట్లు మూడవ సెకండున వాక్యములను మొదలుపెట్టెను. పేరు ఇంకను ముగియలేదు. రెండును కలిసెను.

ఈ టైమరు వలన మరియొక చిక్కును కలదని వారప్పుడే కనుగొనిరి. కుండను తాకిన వెంటనే చేటను తాకినచో, కుండ పేరు ఆగును. చేట మాటలు మొదలగును. కాని కుండ కొరకు నిలిపిన టైమరు ఆగలేదు. గడువు రాగానే అది కుండ వాక్యములను చేట మాటలపై తెచ్చి పడవేయును. పట్టికలోని గొంతుల నన్నింటిని ఆపిన బాలిక, గొంతును పలుకుమను ఆజ్ఞను మాత్రము ఆపలేదు. పలుకువానిని ఊరకుండబెట్టినను, పలికింపబోవువాడు తలుపు వెనుక వేచియున్నాడు!

దీనికి ఉపాయము తాత మాటలోనే యున్నది. ఆడియో యొకటి చివరివరకు పలికి ముగిసినపుడు ‘ఎండెడ్’ అను సంకేతమును వెలువరించును. ఆ సంకేతము వినినప్పుడే తరువాతి మాట మొదలుకావలెనని వ్రాయవచ్చును. అప్పుడు పేరు 2 సెకండ్లు పట్టినను, 5 సెకండ్లు పట్టినను చింత లేదు. నడుమ పాజ్ చేసినచో ఆ సంకేతము రాదు. కావున దాని వెనుకటి వాక్యములును మొదలుకావు. కథకుడు దగ్గి ఆగిన, వంతయు ఆగినట్లే. బాలిక టైమరులను తీసివేసి, ఎండెడ్ సంకేతమును నమ్ముకొనెను. అంతియగాక, ఏ మాట పలుకవలసినను ఒకే ద్వారము గుండ పోవలెనని నియమించెను. ఆ ద్వారమున పాతదానిని ఆపుట మొదటి పని. కొత్తదానిని పలికించుట రెండవ పని. తాకుట వలన మొదలగు మాటకును, తనంతట వచ్చు మాటకును అదియే త్రోవ.

“ఈసారి పాఠము బాగున్నదని చూపుటకు గాక, దానిని ఓడించుటకు ప్రయత్నింపుము” అని పండితుడు చెప్పెను. ఆమె తోటివారిని పిలిచి టాబ్లెట్‌ను వారి కిచ్చెను. వారు తొందరగా తాకిరి, ఆలస్యముగా తాకిరి, ఒకదానినే పదిమారులు తాకిరి, రెండు వ్రేళ్ళతో రెండు వస్తువులను ఒక్కసారి తాకిరి. మాటలు కలియలేదు. ఒక బాలుడు మాత్రము గంప మాటలు వినబడుచుండగా ‘తరువాతి పుట’ బొత్తామును తాకెను. పుట మారెను, గంప మాటలు మాత్రము కొత్త పుటలోనికి వెంట వచ్చెను! పుట మారునప్పుడును అదే ద్వారమున అన్నింటిని ఆపవలెనని ఆమె చేర్చెను. ఓడించినవానిపై కోపింపక, అతని కామె కృతజ్ఞత చెప్పెను.

పరిచయవాక్యముల విషయ మొకటి మిగిలెను. మొదట్లో అవి పుట తెరచిన వెంటనే వినబడవలెనని బాలిక కోరెను గాని, అట్లు వినబడలేదు. 2018 నుండి క్రోమ్ బ్రౌజరు, మనుష్యుడు పుటను తాకకముందే శబ్దము తనంతట మొదలగుటను సామాన్యముగా అనుమతింపదు. అందుచేతనే ఆమె ‘మొదలు’ బొత్తామును పెట్టవలసివచ్చెను. అప్పుడది అడ్డంకి యని విసిగినది. ఇప్పుడు దానిలోని మేలు తెలిసినది. వెబ్ ప్రమాణములను నిర్ణయించు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో వెలువరించిన సూత్రములలోను ఇట్టి నియమ మొకటి కలదు. తనంతట మొదలైన శబ్దము 3 సెకండ్లకు మించి వినబడునెడల, దానిని ఆపుటకో, దాని ధ్వనిని మాత్రము తగ్గించుటకో ఉపాయముండవలెను. చూపు లేనివారు తెరపై నున్నదానిని చదివి వినిపించు స్క్రీన్ రీడరు సాయముతో కంప్యూటరును వాడుదురు. వేరొక శబ్దము దానిపై పడినచో వారికి త్రోవయే మూసికొనిపోవును. బాలిక ఇది తెలిసికొని, తెర మూలలో పెద్ద పసుపురంగు ‘ఆపు’ బొత్తామును చేర్చెను. ఆ రంగు తమ్మునకు బాగుగా కనబడును.

మరుసటి శనివారము బాలుడు అక్క చేయి పట్టుకొని వచ్చెను గాని, గడప దాటలేదు. పండితుడు లేచి వెళ్ళి, వాని యెదుట నేలపై కూర్చుండెను.

“నాయనా! ఆనాడు తప్పు నీది కాదు. పాఠములో తప్పున్నది. అది తెలియక నిన్ను కోపించితిని. నీవు తాకుటచేతనే ఆ తప్పు మాకు తెలిసినది” అనెను.

బాలుడు కొంతసేపు పలుకలేదు. పెద్దవారు తనతో నిట్లు మాటలాడుట వాని కదియే మొదటిసారి. పిమ్మట మెల్లగా లోనికి వచ్చి, టాబ్లెట్ ముందర కూర్చుండి కుండను తాకెను. “ఇది కుండ” అను మాట మొదలయ్యెను. వాడు ఆగలేదు, వెంటనే తక్కెడను తాకెను. కుండ గొంతు ఠక్కున ఆగి, తక్కెడ గొంతు మొదటినుండి వినబడెను. గంపను తాకెను. తక్కెడ ఆగెను. మరల కుండను తాకి, ఈసారి చెవి దగ్గరగా నుంచి, పేరును రెండు వాక్యములును చివరివరకు వినెను.

“అక్కా! ఇప్పుడిది నా మాట వినుచున్నది” అని వాడు నవ్వెను.

సోమవారము తరగతిలో ఒక విద్యార్థి లేచి ప్రశ్న యడుగ నారంభించెను. సగము వినగానే పండితునకు సమాధానము నోటివరకు వచ్చెను. ఇన్నాళ్ళును ఆయన అట్టి సమయమున చెప్పివేయుచునే యుండెను. ఆనాడు మాత్రము ఆ విద్యార్థి తడబడుచు, వెదకికొనుచు తన ప్రశ్నను పూర్తిగా ముగించువరకు ఆగి, ఆ పిమ్మట నోరు విప్పెను.